పాటకు వేసిన మార్కులు

పాటల జట్టులో ఉన్న పిల్లలకే, సరిగ్గా ఆ పిల్లలకే, లెక్కల్లో మార్కులు ఒక్కసారిగా ఎందుకు కూలిపోయాయి?

ఈ ప్రశ్న వేసినవాడు బడి కరస్పాండెంటు. వేసింది శుక్రవారం సాయంత్రం, ఉపాధ్యాయుల గదిలో, అందరి ఎదుటా. బయటి సంస్థవాళ్ళు వచ్చి పెట్టిన పరీక్షలో తక్కిన పిల్లలు ఎప్పుడూ ఉండేచోటే ఉన్నారు. మూడేళ్ళుగా తరగతికి ముందు నడుస్తూ వచ్చిన పాటల పిల్లలు మాత్రం అందరికన్నా వెనక తేలారు. సంగీతం పీరియడ్ సంగతి మళ్ళీ ఆలోచించాలని కూడా ఆయన అన్నాడు.

జవాబు చెప్పవలసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే. ఒకరు లెక్కల మాస్టారు, ఇంకొకరు సంగీతం టీచరు. వాళ్ళిద్దరూ భార్యాభర్తలు కావడం వల్ల, ఆ ప్రశ్న బడిగంట కొట్టాక వాళ్ళతోబాటే నడిచి ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దుటికి కూడా భోజనాల బల్ల దగ్గర నుంచి లేవలేదు.

"అత్తయ్యా, మీ అబ్బాయి టీ తాగుతారేమో అడగండి" అంది సంగీతం టీచరు, పొయ్యి వైపే తిరిగి.

అత్తగారు కొడుకు మొహంలోకి చూసింది. కొడుకు కిటికీలోకి చూశాడు.

"టీ తాగుతావా అంటోందిరా."

"వద్దని చెప్పమ్మా."

"వద్దట అమ్మాయ్."

"వినబడింది అత్తయ్యా."

"వినబడితే మధ్యలో నేనెందుకే? నేనేమన్నా మీ ఇద్దరికీ తపాలా బంట్రోతునా? ఈ మోకాళ్ళతో ఉత్తరాలు మొయ్యలేను." ఆవిడ తన కప్పు తను తీసుకుని లేచింది. "ఇన్నేళ్ళ కాపురంలో మీరిద్దరూ ఒక్కసారి గట్టిగా తిట్టుకుంటే చూడాలని నా కోరిక. నేనూ మీ మామగారూ పోట్లాడుకుంటే వీధి వీధంతా పనులు మానుకుని వినేది. మీరో, మూగనోము పట్టినట్టు ఇంటిని చంపుకు తింటారు."

"అమ్మా, నువ్వు కాస్త..."

"పోతున్నాన్రా, పోతున్నాను. తగువు తీరితే పిలవండి. తీరకపోతే భోజనానికి పిలవండి."

వెనక గది తలుపు మూసుకుంది. ఇక మాట మోసేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

కోపంగా ఉన్న మనుషులు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎంతసేపైనా ఉండగలరు. భయపడుతున్న మనుషులు ఉండలేరు. మాస్టారే ముందు తలెత్తాడు. ఆ ఒక్క కదలికతో ఆమెకు సగం జవాబు దొరికింది.

"ఒక్క మాట అడుగుతాను" అంది ఆమె. "ఆ పిల్లలకి మార్కులు వచ్చాయా? మీరు వేశారా?"

"మార్కులు వేసేది మాస్టారే కదా."

"నీళ్ళు నమలకండి."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"మొదట్లో అరమార్కు. జవాబు తప్పు, కానీ చేసిన పద్ధతి ఒప్పు అనుకో. అలాంటిచోట ఎవరికైనా చెయ్యి అటూ ఇటూ ఊగుతుంది. నీ పిల్లలైతే ఎప్పుడూ ఇటే ఊగేది."

"తర్వాత?"

"తర్వాత పద్ధతి తప్పినా, పాపం ప్రయత్నం చేశారుగా అనిపించేది."

"తర్వాత?"

"తర్వాత... పేరు చూస్తే చాలు, చెయ్యి దానంతటదే వేసేది."

ఆమె అరవలేదు. అరవడానికి ఎదుటి మనిషి కాస్తయినా చెడ్డవాడై ఉండాలి. ఈయన కూరగాయల దుకాణంలో ఎక్కువ చిల్లర ఇచ్చారని వీధి చివరిదాకా వెళ్ళాక కూడా వెనక్కి తిరిగొచ్చే మనిషి. అటువంటి మనిషి మూడేళ్ళపాటు, ఇదే బల్ల మీద, ఎర్ర సిరాతో, నెమ్మదిగా, శ్రద్ధగా అబద్ధమాడాడు.

"ఎందుకు?"

"ఎందుకేమిటి? నీ కోసం."

"నేను అడిగానా?"

"అడగలేదు. కూనిరాగం మానేశావు."

ఆమెకు అర్థం కాలేదు.

"ఆ ఏడాది" అన్నాడు ఆయన. "సంగీతం పీరియడ్ తీసేస్తారని తెలిసిన రోజు నుంచీ నువ్వు వంటింట్లో కూనిరాగం తియ్యడం మానేశావు. నీకు తెలీదు, నువ్వు పని చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి అంటూనే ఉంటావు. నాకు శ్రుతి తెలీదు, లయ తెలీదు. నువ్వు పాడేది ఏమిటో చచ్చినా చెప్పలేను. కానీ అది ఆగిపోతే ఇంట్లో ఎవరో మనిషి పోయినట్టుంది. అందుకని మీటింగులో లేచి ఆ మాట అనేశాను. ఆ సాయంత్రమే నువ్వు మళ్ళీ మొదలెట్టావు. అనేశాక, ఇక దాన్ని నిజం చెయ్యాలి కదా మరి."

ఆ మాట ఏమిటో బడిలో అందరికీ తెలుసు. పాడే పిల్లలకు లెక్కలు బాగా వస్తాయి, నా తరగతే సాక్ష్యం, అని ఆ రోజు ఆయన కమిటీ ముందు నిలబడి చెప్పాడు. ఏనాడూ నోరు తెరవని మనిషి తెరిచేసరికి కమిటీ నమ్మింది. పాట బతికిపోయింది. ఆ మాట రంగుల అక్షరాలలో బడి గేటు మీదికి కూడా ఎక్కింది.

ఆమె కూడా ఆ మాటను నమ్మింది. నమ్మింది అనడం కన్నా వాడుకుంది అనడం న్యాయం. పాట ఎందుకండీ అని ఎవరు అడిగినా గేటు వైపు చెయ్యి చూపించింది. తన శాస్త్రం తరఫున తను వాదించవలసిన చోట, పక్కింటి శాస్త్రాన్ని పంపించి ఊరుకుంది.

"ఆ పిల్లలు?" అంది చివరికి. "భిన్నాలు రాకుండానే మూడు తరగతులు దాటించేశారు."

"కూర్చోబెట్టి చెప్తాను. సెలవుల్లో..."

"మీరు పాటని కాపాడలేదండీ. లెక్కల ఇంట్లో పాచిపనికి కుదిర్చారు. ఇప్పుడేమో పని సరిగ్గా చెయ్యలేదని యజమాని బయటికి గెంటుతున్నాడు."

"ఎలాగోలా తలదాచుకోడానికి ఇంత నీడ దొరికింది కదా దానికి!"

"లెక్కలు పక్కన పెట్టి చెప్పండి. పిల్లలకి పాట నేర్పడం వల్ల ఏమన్నా ఉందని మీరు నమ్ముతారా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. సూటిగా అడిగితే ఆమెతో అబద్ధమాడడం ఆయనకు చేతకాదు.

"నువ్వు నమ్ముతావుగా" అన్నాడు. "నాకది చాలు."

ఇంతకన్నా ప్రేమగా ఏ మొగుడూ మాట్లాడలేడు. ఇంతకన్నా ఒంటరిని చెయ్యనూ లేడు. తన పక్షాన నిలబడ్డ ఒకే ఒక్క మనిషికి తన పక్షం ఏమిటో తెలియదని, ఇన్నేళ్ళూ అతను తన గొంతు విన్నాడే గాని పాట వినలేదని, ఆ పొద్దున ఆమెకు తెలిసింది. పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోతున్నాయి. ఆమె లేచి కట్టేసింది.

"రేపు తల్లిదండ్రుల సభలో ఏం చెప్తారు?"

"పేపరు కష్టంగా ఇచ్చారని చెప్దామనుకుంటున్నాను."

"పాటల పిల్లలకి మాత్రం వేరుగా కష్టమైన పేపరిచ్చారా?"

"మరేం చెప్పమంటావ్? రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఉన్నమాట చెబితే మర్నాడే ఇంటికి పంపుతారు."

"చెప్పమని అనడం లేదు. చెప్పొద్దనీ అనను. పాట పేరు పెట్టి ఇంకో అబద్ధం మాత్రం ఆడకండి. అంతే."

వెనక గదిలోంచి అత్తగారి గొంతు వినబడింది. "ఏమర్రా, అయిందా? లేక భోజనానికే పిలుస్తారా?"

సంగీతం టీచరు బియ్యం గిన్నె అందుకుంది.

* * *

సోమవారం మధ్యాహ్నం ఆమె సంగీతం గది తలుపు తీసేసరికి లోపల వడ్రంగి ఉన్నాడు.

అది నడవా చివరి గది. మేడమెట్ల పక్కన, నీళ్ళ తొట్టి కింద. వేసవిలో పైకప్పు చెమ్మగిల్లి చల్లగా ఉంటుంది గనక, ఈ గది మీద ఎందరికో కన్ను ఉంది. గోడ వారన హార్మోనియం, నేల మీద చాప, కిటికీ కింద పిల్లల చెప్పులు విడిచే చోటు. అంతకు మించి ఆ గదిలో దొంగిలించదగ్గది ఏదీ లేదు. అటువంటి గదులనే ముందుగా తీసుకుంటారు.

వడ్రంగి కొలతల టేపును గోడకు పెట్టి లాగాడు.

"అమ్మా, ఈ పెట్టె కాస్త అటు జరపనా? బోర్డు ఇక్కడిదాకా వస్తుంది."

"ఏ బోర్డు?"

"పోటీ పరీక్షల క్లాసుకట. గోడంతా బోర్డే."

"ఇంకా ఏమీ తేలలేదే?"

"తేలలేదనే చెప్పారమ్మా. కొలత మటుకు తీసుకోమన్నారు. కొలిచినంత మాత్రాన కోసినట్టు కాదుగా" అని అతను నొచ్చుకున్నట్టు నవ్వి, పెన్సిల్ గీత ఒకటి గీసి, టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

గీత హార్మోనియానికి సరిగ్గా జానెడు పైన ఉంది.

పిల్లలు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. ఆమె ఆ గీతను వేలితో చెరపబోతుంటే కరస్పాండెంటు వచ్చాడు. పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు గంటాయన. ఎవరితో మాట్లాడుతున్నా ఆయన చూపు చేతి గడియారం మీదే ఉంటుంది. ఏ గదిలోనూ కూర్చోడు.

"కూర్చోండి టీచరుగారూ. నేను నిలబడే మాట్లాడతాను, అలవాటు. చూడండమ్మా, సంగీతం అంటే నాకేం పగ లేదు. మా ఇంట్లో పొద్దున్నే మా ఆవిడ పాటలు పెడుతుంది. గడ్డం గీసుకుంటూ వింటాను."

"సంతోషం. గడ్డానికైనా పనికొచ్చిందన్నమాట."

ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళతో బడులు మూతపడవు. గడియారం చూసుకునే మంచివాళ్ళతో మూతపడతాయి.

"కర్ర విరక్కుండా పాము చావకుండా ఒక దారి ఆలోచించాను" అన్నాడు.

"ఇందులో పాము ఎవరండీ?"

"అబ్బే, మాటవరసకి. చెప్తా వినండి. పాట ఉంచేద్దాం. కానీ ఆ పాటలో ఎక్కాలు పెట్టండి. సూత్రాలు పెట్టండి, దేశాలు, రాజధానులు పెట్టండి. పిల్లలు పాడుకుంటూ బట్టీ పట్టేస్తారు. మీ పీరియడ్ ఉంటుంది, ఈ గది ఉంటుంది, మీరూ ఉంటారు. సాయంత్రం సభలో మీరొక్క మాట అంటే చాలు. ఈ పరీక్ష పద్ధతి కొత్త, పిల్లలు తడబడ్డారు, వచ్చే ఏడాది నుంచి పాటతోనే లెక్కలు నేర్పుతాం అని. అక్కడితో మాస్టారి గొడవ కూడా ఎవరూ తవ్వరు."

ఆఖరి మాట అనేటప్పుడు మాత్రం ఆయన గడియారం చూడలేదు. ఆమెను చూశాడు. అంటే ఆయనకు తెలుసు. తెలిసీ ప్రశ్న అడిగాడు, తెలిసీ జవాబు వద్దంటున్నాడు.

"పన్నెండో ఎక్కం ఏ రాగంలో ఉండాలండీ?"

"అది మీ ఇష్టం. నేను అందులో వేలు పెట్టను."

"గుర్తుండడం కోసం పాడితే, గుర్తున్నాక ఎవరు పాడతారండీ? నిచ్చెన ఎక్కినవాడు మేడ మీద నిచ్చెనకి కుర్చీ వెయ్యడు కదా."

"అంత లోతుకి ఎవరు వెళ్తారమ్మా!"

"అక్కడికి వెళ్తానని చెప్పే నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు."

ఆయన గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం దాకా టైముంది. మాస్టారి సంగతి కూడా ఒకసారి ఆలోచించుకోండి" అని మర్యాదగా తలుపు దగ్గరికి వేసి మరీ వెళ్ళాడు.

ఒప్పుకుంటే పాట పేరుతో పీరియడ్ మిగులుతుంది, ఇంటాయన పరువు మిగులుతుంది. ఒప్పుకోకపోతే రెండూ పోతాయి. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అంటారు గాని, పోకచెక్కకు రెండు వైపులా శత్రువులే. ఆమెకు ఒక వైపు మొగుడు.

పిల్లలు వచ్చారు. ఆమె ఏమీ చెప్పకుండా శ్రుతి పట్టింది.

చాలా బడుల్లో ఒక అలవాటుంది. వార్షికోత్సవం నాడు గొంతు కలవని పిల్లల్ని వెనక వరసలో నిలబెట్టి, నువ్వు పాడకు, పెదాలు ఆడించు చాలు, అని చెవిలో చెబుతారు. ఆ పిల్ల జన్మంతా పెదాలు ఆడిస్తూనే ఉంటుంది. ఆఫీసులో, అత్తింట్లో, ఓటు వేసే చోట. ఈమె గదిలో ఆ మాట నిషేధం. శ్రుతి తప్పే పిల్లను శ్రుతి నిలిచే పిల్ల పక్కన నిలబెడుతుంది. వినడం నేర్చుకున్నాక కలవడం దానంతటదే వస్తుంది. రెండు నెలలు పడుతుంది కొందరికి. కొందరికి రెండేళ్ళు. అప్పటిదాకా తప్పుగానే పాడనిస్తుంది. తప్పుగా పాడడానికి కూడా ఒక చోటు ఉండాలి గదా పిల్లలకు.

ఆ మధ్యాహ్నం వాళ్ళు ఎప్పటికన్నా బాగా పాడారు. ఆ సంగతి చెప్పుకోవడానికి గదిలో పెద్దవాళ్ళు ఎవరూ లేరు.

* * *

సభ సాయంత్రం, ప్రార్థన హాల్లో. ఇనుప కుర్చీలు, మూడు ఫ్యాన్లు, వేదిక మీద ఒక బల్ల. మాస్టారూ ఆమే ఉపాధ్యాయుల వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. మూడు రోజులుగా వాళ్ళు ఇంత దగ్గరగా ఉండడం ఇదే.

గంటాయన స్వాగతం ముగించి, మార్కుల సంగతి మెల్లగా మొదలుపెట్టబోతుండగానే మూడో వరసలోంచి ఒకావిడ లేచింది. బట్టలు కుట్టే ఆవిడ. మెళ్ళో కొలత టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేసింది.

"సార్, నాకు డొంకతిరుగుడు మాటలు రావు. మా అమ్మాయికి లెక్కల్లో తొంభై దాటి వస్తుండేవి. ఇప్పుడు ముప్ఫై కూడా రాలేదు. ఈ మధ్యలో ఏం పోయింది? ఎవరు తీశారు?"

"పరీక్ష విధానం కొత్తదమ్మా. ఆ విషయమే మన సంగీతం టీచరుగారు..."

"ఆవిణ్ణీ అడగాలి నేను. పాటకెళ్తున్నావు కదే, ఏం నేర్పారే, ఒకటి పాడు అన్నాను. మా పిల్ల ఏమందో తెలుసా? 'నేను పాట పాడనమ్మా, ఒక్క స్వరం పట్టుకుని నిలబడతాను, మిగతావాళ్ళు దాని మీద పాడతారు' అంది. రెండేళ్ళుగా ఒక్క స్వరం! నా మిషను కూడా ఇంతకన్నా నయం, రెండు రకాల చప్పుడు చేస్తుంది."

హాలు గొల్లుమంది. గంటాయన కూడా నవ్వి, చేత్తో సంగీతం టీచరుకు దారి చూపించాడు. ఇదే ఆమె అనవలసిన ఒక్క మాటకు సమయం.

ఆమె లేచింది.

"మీ అమ్మాయి చేసేది మా గదిలో అన్నిటికన్నా కష్టమైన పని" అంది. "చుట్టూ ముప్ఫైమంది తలో దారినా పోతూ ఉంటారు. వాళ్ళతో పోకూడదు. వాళ్ళ మీద అరవకూడదు. వాళ్ళని వింటూ, తన చోట తను ఉండాలి. ఈ వయసులో నేను అంతసేపు ఉండలేను. నిన్న మా ఇంట్లో ఒక్క పూట ప్రయత్నించాను, చేతకాలేదు."

"దానికి మార్కులెన్నండీ?" వెనకనుంచి ఎవరో తండ్రి అడిగాడు.

"లేవు."

"పోనీ లెక్కలకి పనికొస్తుందా? గేటు మీద రాశారుగా?"

గంటాయన కనుబొమ్మలు ఎత్తాడు. ఔనండీ, ఆ మాటే, అన్నట్టు.

"రాదు" అంది ఆమె. "నా దగ్గర అందుకు రుజువు లేదు. గేటు మీద రాసింది తప్పు. ఆ తప్పు మాట నేనూ ఊరంతా చెప్పుకు తిరిగాను. లెక్కలు చేస్తే లెక్కలు వస్తాయి. మీరెప్పుడైనా లెక్కల మాస్టారుని, మీరు చెప్పే లెక్కల వల్ల మా పిల్ల గొంతు బాగుపడుతుందా అని అడిగారా? చరిత్ర చదివితే పరుగుపందెంలో గెలుస్తుందా అని అడిగారా? ఒక్క పాటనే ఎందుకు వాకిట్లో నిలబెట్టి, ఎవరి తాలూకు నువ్వు అని అడుగుతున్నారు?"

నవ్వులు ఆగాయి. ఆమె గొంతు పెంచలేదు.

"పిల్లకి చెవి ఉంది, గొంతు ఉంది. చేతికి రాత నేర్పుతున్నాం, కాలికి ఆట నేర్పుతున్నాం. వీటికి ఎవరు నేర్పాలి? ఉన్నవాళ్ళు ఇంటికి టీచర్ని పిలిపించుకుంటారు. రేపు ఈ పీరియడ్ తీసేస్తే వాళ్ళ పిల్లలకి పోయేదేం లేదు. మిగిలినవాళ్ళ పిల్లలకి ఆ గది తప్ప వేరే గది లేదు. పాట నేర్పితే ఏం వస్తుందని అడిగితే, పాట వస్తుంది. నేను చెప్పగలిగింది అంతే. మీకది తక్కువగా కనిపిస్తే నా దగ్గర అంతకన్నా పెద్ద సరుకు లేదు."

బట్టలు కుట్టే ఆవిడ ఇంకా నిలబడే ఉంది.

"అంతా బాగానే ఉందమ్మా" అంది, ఈసారి వెటకారం లేకుండా. "పాట వల్ల రాకపోతే, మరి ఆ తొంభై ఎలా వచ్చాయి?"

సంగీతం టీచరు కూర్చుంది. ఇది తన జవాబు కాదు. పక్క కుర్చీ కీచుమంది.

"నేను వేశాను" అన్నాడు మాస్టారు.

"మాస్టారూ, కూర్చోండి" అన్నాడు గంటాయన వెంటనే.

"మూడేళ్ళూ కూర్చునే వేశానండీ. కాస్త నిలబడనివ్వండి." ఆయన చేతులు కుర్చీ వీపును పట్టుకున్నాయి. "పాటల పిల్లలకి రాని మార్కులు వేశాను. సంగీతం పీరియడ్ తీసెయ్యకుండా ఉండాలని. పిల్లల తప్పు లేదు. ఆవిడకి నిన్నటిదాకా తెలీదు."

ఇక హాలును పట్టడం ఎవరి తరమూ కాలేదు.

"ఓహో, ఇంటావిడ కోసం మా పిల్లల నెత్తిన చెయ్యి పెట్టారా!"

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?"

"తెలీదట! ఒక కంచం, ఒక మంచం, ఒకరి సంగతి ఒకరికి తెలీదట!"

"మరి మా వాడికి వెయ్యలేదేం సార్? వాడూ బాత్రూములో పాడతాడు!"

దీనికి కొందరు నవ్వారు. కొందరు నవ్విన వాళ్ళ మీద విరుచుకుపడ్డారు. గంటాయన బల్ల మీద చరిచి, మాస్టారు రేపటినుంచి బడికి రానవసరం లేదని, తక్కినది కమిటీ చూసుకుంటుందని, పొడిగా ప్రకటించాడు. మాస్టారు సరేనని తలాడించి కూర్చున్నాడు. కూర్చుని, భార్య వైపు కొంచెం వంగాడు.

"ఇప్పుడు సరిపోయిందా?" అన్నాడు గుసగుసగా.

శేషం సున్నా వచ్చిందా, అని అడిగినట్టు.

ఆమె ఆయన్ని చూసింది. రెండేళ్ళ ఉద్యోగాన్ని, ఊరి మర్యాదను, ఒక్క వాక్యంలో పారేసుకుని వచ్చిన మనిషి. ఇదీ ఆమె కోసమే. పాట కోసం కాదు. ఆయన చేతి మీద చెయ్యి వెయ్యాలనుకుంది. చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. నిజం చెబితే ఎవరో ఒకరు తోడొస్తారని ఆమె అనుకోలేదు గాని, నిజం ఇంత ఖాళీగా ఉంటుందని కూడా అనుకోలేదు.

చుట్టూ మాటలు పరుగెడుతున్నాయి. మార్కులు మళ్ళీ దిద్దించాలి. ప్రత్యేక తరగతులు పెట్టాలి. పెడితే ఏ గంటలో పెట్టాలి? ఏ గదిలో పెట్టాలి? ఒకాయన లేచి, సంగీతం గది చల్లగా ఉంటుంది కదా, అన్నాడు. పక్కాయన అవునన్నాడు. పాటను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమె జవాబు చెప్పేది. వాళ్ళు దాన్ని మర్చిపోయారు, అంతే. దాని మీదుగా నడిచి గదిలోకి వెళ్ళారు.

గంటాయన గడియారం చూసుకున్నాడు.

"ఒక్క విషయం మిగిలిపోయింది" అన్నాడు. "రేపు నన్ను ఎవరూ అనకూడదు, అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. సంగీతం పీరియడ్ ఉండాలా, తీసెయ్యాలా? లెక్కలు, మార్కులు, ఆ గొడవ పక్కన పెట్టండి. ఉపాధ్యాయులకి ఇందులో ఓటు లేదు. పిల్లల్ని చదివిస్తున్నవాళ్ళకే. ఉండాలనుకునేవాళ్ళు చేతులెత్తండి."



బట్టలు కుట్టే ఆవిడ పక్కావిడ వైపు చూసింది. పక్కావిడ ముందు వరస వైపు చూసింది. ముందు వరస గంటాయన వైపు చూసింది. ఎవరైనా ఒకరు ఎత్తితే ఎత్తుదామని అనుకునేవాళ్ళు ఆ హాల్లో ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. వాళ్ళలో ఏ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. సంగీతం టీచరు వరసవరసనా చూస్తూ వచ్చింది. చేతులన్నీ ఒళ్ళోనే ఉన్నాయి. కుర్చీల్లో ఒకటి ఖాళీగా ఉంది.

"ఎవరూ లేరా?" అన్నాడు గంటాయన.

ఖాళీగా ఉన్న ఆ కుర్చీ మీది. మీ ఇంటి పిల్ల కూడా రేపు పొద్దున ఏదో ఒక బడికి వెళుతుంది. ఆ బడిలోనూ నడవా చివర ఒక గది ఉంది, లేదా ఉండేది. అయ్యో పాపం అని నిట్టూర్చి పేజీ తిప్పడానికి మీకు హక్కు లేదు. గంటాయన ఇంకా లెక్కపెట్టడం మొదలుపెట్టలేదు. చదవడం ఆపండి. చెయ్యెత్తండి.